పంటి పింగాణి, పలు ప్రయోగశాలలు

మానవ శరీరమునందలి పదార్థములలో మిక్కిలి కఠినమైనది ఎముక యని పలువురు తలచుదురు గాని, ఆ ప్రథమస్థానము న్యాయముగా చెందవలసినది పంటి శిరోభాగమును కప్పియుండు తెల్లని పింగాణి పొరకే. దంతవైద్యులు ఎనామెలు అని వ్యవహరించు ఈ పొర, నమలు పండ్ల కొనలయొద్ద సుమారు 2.5 మిల్లీమీటర్ల మందము కలదియై, చిగురును సమీపించుకొలదిని పలుచబడి, తుదకు రేఖామాత్రమై ముగియును. తూకమున దానిలో 96 శాతము ఖనిజమే. మిగిలిన స్వల్పాంశము కొంత నీరును, కొంత జీవసంబంధమైన పదార్థమును. ఆ ఖనిజము కాల్షియము, ఫాస్ఫేటు, హైడ్రాక్సిలు అను మూడింటి కూడికవలన ఏర్పడిన హైడ్రాక్సీ అపటైటు అను స్ఫటికము. రసాయన దృష్టితో చూచినచో ఇది శిలాజాతికి చెందినది. పుట్టుకనుబట్టి చూచినచో ఎముకకంటె చర్మమునకే దగ్గఱి చుట్టము. కావుననే దీనిని గూర్చిన జ్ఞానము ఏ యొక్క శాస్త్రపు పాలను పడక, రసాయనికులు, జన్యుశాస్త్రజ్ఞులు, పదార్థ పరిశోధకులు, నేరపరిశోధకులు, పురాతత్త్వవేత్తలు తలకొంత కూడబెట్టినదైనది. అందును దంతవైద్యమునకు మిక్కిలి ఉపకరించిన అంశములు పెక్కు, దంతములతో ప్రమేయమే లేని గదులలో బయటపడుట ఈ చరిత్రలోని చమత్కారము.

పింగాణిని నిర్మించునవి అమెలోబ్లాస్టులు అను జీవకణములు. పన్ను ఇంకను దవడలో దాగియుండగనే ఇవి బారులు తీరి, అమెలోజెనిను అను ప్రొటీను ప్రధానముగా గల యొక మెత్తని పదార్థమును స్రవించి, అందు ఖనిజపు సన్నని నారలు ఎదుగుచుండగా తాము క్రమముగా వెనుకకు జరుగుచుండును. ఆ పిమ్మట జరుగు కార్యము విచిత్రమైనది. ఇంటికి శ్లాబు పోసిన మేస్త్రి, కాంక్రీటు గట్టిపడిన తరువాత క్రింద నిలిపిన చెక్కల చట్రమును విప్పి తీసికొనిపోవునట్లు, ఈ కణములు మొదట ఎం.ఎం.పి. 20 అను ఎంజైమును, పిదప కె.ఎల్.కె. 4 అను మఱియొక ఎంజైమును పంపి, తాము పోసిన ప్రొటీనును తునియలు చేయించి తొలగించి, ఆ చోటునంతటిని ఖనిజముతో నింపును. పని ముగిసి పన్ను చిగురును చీల్చుకొని పైకి వచ్చునప్పటికి నిర్మాతలు నశించిపోవును. ఎముక విఱిగినచో అతుకుకొనును, చర్మము తెగినచో మానును. పింగాణి మాత్రము, తన్ను చేసిన కణములు లేకుండుటచేత, ఒకసారి పోయెనా మఱల పుట్టదు. ఆ కణములు దినదినము చేసిన పనికి గుఱుతుగా పింగాణిలో దినమున కొకటి చొప్పున సన్నని అడ్డగీతలు నిలిచిపోవును. పాలపండ్లను కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినచో, శిశువు పుట్టిన నాటి గీత తక్కిన గీతలకంటె స్ఫుటముగా కనబడును.

ఇంతటి కఠిన పదార్థమును జయించునది మఱియొక కఠిన పదార్థము గాక, తీపి తిన్న తరువాత నోటిలో పుట్టు స్వల్పమైన పులుపు. 1924లో లండనునందు క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు పిప్పిపండ్లనుండి వేఱుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరిడిన సూక్ష్మజీవియు, దాని సహచరులును చక్కెరను ఆరగించి ఆమ్లమును విసర్జించును; పంటిమీది పాచిలో ఆమ్లత్వమును తెలుపు పి.హెచ్. మానము ఇంచుమించు 5.5 కంటె దిగజారినంతనే హైడ్రాక్సీ అపటైటు కరగనారంభించును. లాలాజలము ఆ ఆమ్లమును విఱిచి, తనలోని కాల్షియమును ఫాస్ఫేటును తిరిగి పంటికి ఒసగును. దినములో పలుమాఱులు జరుగు ఈ కరగుట, పేరుకొనుటలలో ఏది పైచేయి యగునో దానినిబట్టియే పన్ను నిలుచుటయో పుచ్చుటయో సంభవించును. ఈ తక్కెడను పంటివైపునకు మొగ్గించు మూలకమొకటి కలదని తెలిసిన తీరు మాత్రము ఎవరును ఊహించి యుండనిది.

1901లో ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అను ఊరిలో వైద్యము ఆరంభించి, అచట పుట్టి పెరిగినవారి పండ్లపై చాక్లెట్టు వన్నె మచ్చలను చూచి విస్మితుడయ్యెను. మన పల్లెలలో గార పండ్లు అనబడు రూపమే అది. అప్పటి దంతవైద్యమున పెద్దతలయైన జి. వి. బ్లాక్ మొదట నమ్మకపోయినను 1909లో స్వయముగా వచ్చి చూచి, తన మరణపర్యంతము, అనగా 1915 వఱకును, మెకేతో కలిసి శోధించెను. వారికి రెండు సంగతులు తేలినవి: పింగాణి ఏర్పడుచున్న బాల్యమునందే ఈ మచ్చలు పడునుగాని పెద్దయైన తరువాత వచ్చినవారికి పడవు, మచ్చలున్న పండ్లు చిత్రముగా పుచ్చుటకు లొంగవు. 1923లో ఐడహో రాష్ట్రమునందలి ఓక్లీ అను ఊరివారు, తమ బిడ్డల పండ్లు దూరపు వెచ్చని ఊటనుండి గొట్టముతో నీరు తెచ్చుకొన్న నాటినుండియే పాడగుచున్నవని మొఱపెట్టుకొనగా, ఆ గొట్టమును విడిచిపెట్టుడని మెకే సలహా యిచ్చెను. కొన్ని యేండ్లలో క్రొత్తగా మొలచిన పండ్లు తెల్లగానే వచ్చెను. దోషము నీటిదని తెలిసినది గాని నీటిలోని ఏ పదార్థమున కది చెందునో తెలియలేదు. నాటి సామాన్య రసాయన పరీక్షలలో ఏదియు దొరకలేదు.

దొరకించినది అల్యూమినియము వ్యాపారము. అల్యూమినియం కంపెనీ ఆఫ్ అమెరికాకు చెందిన గని పట్టణమగు బాక్సైట్ అను ఊరిలోను ఇవే మచ్చలు కనబడెను. అల్యూమినియపు పాత్రలు విషతుల్యములని కొందరు ప్రచారము చేయుచున్న ఆ దినములలో, ఈ నింద తమ లోహముపైకి వచ్చునేమో యను భయమున ఆ సంస్థ ప్రధాన రసాయనికుడు హెచ్. వి. చర్చిల్ ఆ ఊరి నీటిని వర్ణపట పరీక్షకు పెట్టించెను. నీటిలో పదిలక్షల వంతులకు 13.7 వంతుల ఫ్లోరైడు బయటపడగా నమ్మలేక తిరిగి పరీక్ష చేయించి, 1931లో మెకేకు లేఖ వ్రాసెను. అదే సంవత్సరమున అరిజోనా విశ్వవిద్యాలయములో మార్గరెట్ స్మిత్, ఆమె సహచరులు ఎలుకలకు ఫ్లోరైడు పెట్టి అట్టి పండ్లనే పుట్టించి స్వతంత్రముగా ఆ నిర్ణయమునకే వచ్చిరి. సరకునకు చెడ్డపేరు రాకుండ కాపాడుకొను వర్తకుని జాగరూకత, ముప్పదియేండ్ల నిస్స్వార్థ వైద్యశోధనకు తాళపుచెవి కావలసివచ్చుట చూడగా, విజ్ఞానము పవిత్రసంకల్పమువలననే పెరుగునను మాటను నేను సంశయింపక తప్పదు.

అటుపిమ్మట ట్రెండ్లీ డీన్ అను దంతవైద్యుడు ఊరూర నీటిలోని ఫ్లోరైడును, పిల్లల పండ్లను పోల్చి చూచి, లీటరున కొక మిల్లీగ్రాము ఉన్నచో మచ్చలు మిక్కిలి స్వల్పమనియు, పుచ్చు తగ్గుననియు తేల్చెను. 1945 జనవరి 25వ తేదీన మిషిగన్ రాష్ట్రమునందలి గ్రాండ్ ర్యాపిడ్స్ నగరము తన నీటిలో ఫ్లోరైడును కలుపుటకు ఆరంభించినది. పదునొకండేండ్లకు చూడగా, ఆ తరువాత పుట్టిన పిల్లలలో పిప్పిపండ్లు 60 శాతమునకు మించి తగ్గినవి. దీనికి కారణము స్ఫటికములోనే ఉన్నది. హైడ్రాక్సిలు ఉండవలసిన చోట ఫ్లోరైడు చేరినచో ఆ జాలకము మఱింత బిగువై, పి.హెచ్. 4.5 వఱకు దిగినగాని కరగదు. త్రాగిన ఫ్లోరైడు లోపలినుండి పంటిని దృఢపఱచునని ఆదిలో తలచిరి. మేలు ముఖ్యముగా జరుగునది పన్ను వచ్చిన తరువాత, దాని ఉపరితలమున, కరగుచు పేరుకొనుచున్న ఖనిజమునందేయని తరువాతి పరిశోధకులు చూపిరి. కావున మచ్చ పడుటయు, మేలు కలుగుటయు ఒకే పదార్థపు చేష్టలైనను, ఒకటి పన్ను దవడలో నుండగా, వేఱొకటి నోటిలో నుండగా జరుగు భిన్నకార్యములు. ఫ్లోరైడును కొనియాడువారును, దూషించువారును ఈ కాలభేదమును మఱచియే తఱచుగా వాదులాడుదురు.

అమెరికాలో ఫ్లోరైడును నీట కలుపవలెనా యని వాదోపవాదములు సాగుచుండగా, తెలుగునేలపై భూమియే దానిని అడుగకుండ కలుపుచుండెను. నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ రోగులను గూర్చి షార్ట్ మొదలగు వైద్యులు 1937లో ప్రకటించిన వ్యాసము, ఈ వ్యాధి మనుష్యుల ఎముకల నెట్లు బిగియింపగలదో లోకమునకు తెలిపిన తొలి రచనలలో నొకటి. నాడు ఆ జిల్లాలోనే యుండిన దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరినవి. కనిగిరి సీమకు ఈ పీడ నేటికిని తీరలేదు. నల్లగొండ రోగులను గూర్చి సిద్దికీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. గ్రానైటు శిలలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగును. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో అది ఫ్లోరైడును పట్టి కరగని రూపమున అడుగునకు చేర్చును గాని, కాల్షియము కొఱవడి బైకార్బొనేటు మిక్కుటమైన నీటిలో దానిని ఆపువారు లేరు. చెఱువులు ఎండి బోరుబావులు లోతునకు పోయినకొలది జనులు త్రాగునది ఎక్కువకాలము ఱాతితో కాపురము చేసిన నీరయ్యెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన మితి లీటరునకు 1.5 మిల్లీగ్రాములు కాగా, అంతకు పలు రెట్లు గల నీటిని తరతరములు త్రాగినవారికి పండ్ల గార మొదటి గుఱుతు మాత్రమే. వెన్ను వంగుట, కీళ్లు బిగియుట ఆ వెంటనే వచ్చును. మోకాళ్లు ఒకదానినొకటి ఒరసికొనునట్లు కాళ్లు వంకరపోవు కుఱ్ఱవాండ్రను నల్లగొండ గ్రామములలో పరిశీలించి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ దశకముననే నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు పటికను, సున్నమును, బ్లీచింగు పౌడరును నీటిలో కలిపి కలియబెట్టి, తేటను వడగట్టు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. బకెట్టులోనైనను చేసికొనదగిన ఈ ఉపాయము శాస్త్రగ్రంథములలో దేశదేశముల వ్యాపించినది. దినదినము పటికను తూచి వేయుట, మడ్డిని తీసి పాఱవేయుట అను శ్రమను మాత్రము, ఇంటిపనులతో అలసిన ఇల్లాలిపై మోపి పరిశోధకులు ఊరు వదలిరి. శుద్ధిచేయుటకంటె దూరమునుండి మంచి నదీజలమును తెచ్చుటయే మేలని జిల్లావాసులు దశాబ్దములు పోరాడుట నా దృష్టిలో అన్ని ప్రయోగశాలల తీర్పుకంటె తెలివైన తీర్పు.

ఒకే బావినీరు త్రాగిన ఇరువురిలో ఒకనికి గార హెచ్చుగను, ఒకనికి తక్కువగను ఏల పట్టును? ఈ ప్రశ్న మనలను జన్యువుల ముంగిటికి తెచ్చును. 2002లో ఎవరెట్ మొదలగువారు వేఱ్వేఱు జాతుల చిట్టెలుకలకు ఒకే మోతాదున ఫ్లోరైడు నీరిచ్చి చూడగా, ఎ/జె అను జాతి పండ్లు త్వరగను తీవ్రముగను చెడినవి; 129పి3/జె అను జాతి పండ్లు దాదాపు చలింపకుండెను. ఫ్లోరైడు అమెలోజెనిను తొలగింపును ఆలస్యము చేయుననియు, తొలగని ప్రొటీను ఉన్నచోట ఖనిజము నిండక లోలోపల బోలుగా నిలుచుననియు తెలిసియున్నది. ఆ జాప్యమునకు లొంగుటలో వంశపారంపర్యమునకును పాత్ర కలదని చిట్టెలుకలు చెప్పినవి. ఫ్లోరైడుతో పనిలేకయే ఇట్టి పండ్లు కొన్ని కుటుంబములలో పుట్టును. అమెలోజెనిను జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నుండుటచేత, అది చెడిన వంశములలో పురుషుల పింగాణి అంతయు పలుచనగుచుండగా, స్త్రీల పండ్లపై మంచి పింగాణియు, చెడ్డ పింగాణియు నిలువుచాఱలుగా ఒకదాని ప్రక్క నొకటి కనబడును. ప్రతి కణములోను రెండు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి నిద్రించునని 1961లో మేరీ లియాన్ చెప్పిన సిద్ధాంతమునకు, అద్దములో చూచుకొనదగిన నిదర్శనము ఇంతకంటె వేఱొకటి అరుదు.

ఆ జన్యువునకు వై క్రోమోసోముపైనను ఒక ప్రతి కలదు. ఎక్స్ ప్రతిలో ఒక తావున ఆఱు అక్షరముల కొఱత యుండుటచేత, రెండింటి పొడవులను పోల్చినచో రక్తపు చుక్కనుండియో, వెండ్రుక కుదురునుండియో అది స్త్రీదో పురుషునిదో చెప్పవచ్చును. నేరపరిశోధన శాలలన్నిటను ఈ పరీక్ష చిరకాలమునుండి చెల్లుబడియైయున్నది. ఈ నమ్మకమును కదిలించినది హైదరాబాదు. అచటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో తంగరాజ్, రెడ్డి, లాల్జీ సింగ్ గారలు 2002లో 270 మంది భారతీయ పురుషులను పరీక్షింపగా, ఐదుగురిలో వై క్రోమోసోముపై ఆ ప్రతియే లేదు. వారు ఆరోగ్యవంతులైన పురుషులే, పరీక్ష మాత్రము వారిని స్త్రీలని పలుకును. న్యాయస్థానమున నిలుచు సాక్ష్యములో నూటికి ఇంచుమించు ఇరువురు తాఱుమాఱగుట చిన్న సంగతి గాదు గనుక, వై క్రోమోసోముపైని వేఱొక గుఱుతును కూడ చూడవలెనని వారు సూచించిరి. పంటిని కట్టు ప్రొటీను, పంటితో సంబంధములేని న్యాయవివాదమునకు కారణమైనది.

పింగాణిలో చిక్కి మిగిలిన ప్రొటీను తునకలు డి.ఎన్.ఏ. నశించిన తరువాతను లక్షల యేండ్లు నిలుచును. స్పెయిన్‌లో అటపుయెర్కా యొద్ద దొరికిన హోమో ఆంటిసెసర్ అను ఆదిమానవజాతి పంటినుండి, సుమారు 8 లక్షల యేండ్లనాటి ప్రొటీనులను 2020లో చదివిరి. ఆ దేశముననే వాలెన్సీనాలోని ఐదువేల యేండ్ల సమాధిలో ఏనుగుదంతపు సొత్తుతో పరుండిన ప్రముఖుని పురుషుడనియే అందఱును వర్ణించిరి. 2023లో పింగాణిలోని అమెలోజెనిను ఆమెను స్త్రీ యని తెలిపినది. స్ఫటికము తన్ను చేరిన మూలకములను విడువదను ఈ గుణముననుసరించియే, 1958 మొదలు సెయింట్ లూయిస్ నగరమున తల్లులు లక్షలకొలది పాలపండ్లను పరిశోధకుల కంపగా, అణ్వస్త్ర పరీక్షలనుండి రాలిన స్ట్రాన్షియము 90 పసివారి దంతములలో చేరుచున్నదని తేలినది.

ఇక నిర్మాణమును మరమ్మతు చేయుటకు పూనుకొన్నవారి మాట. 1955లో రోచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ అను దంతవైద్యుడు, లోహములకు రంగు పట్టించుటకు పరిశ్రమలలో ఫాస్ఫారిక్ ఆమ్లమును వాడుటను గమనించి, 85 శాతపు ఆమ్లమును పింగాణిపై ముప్పది సెకన్లు ఉంచి కడిగివేసెను. పన్నును తినివేయు ఆమ్లమే పంటిపై కంటికి కనబడని గుంటలను చెక్కగా, ద్రవరూపమున నున్న రెసిను వానిలోనికి దూఱి గట్టిపడి ఊడిరాని పట్టు చిక్కినది. 1962లో అమెరికా ప్రమాణముల సంస్థలో రాఫెల్ బోవెన్ కనుగొనిన బిస్-జి.ఎం.ఏ. అను రెసిను దీనికి తోడై, పంటిరంగుతో పూడ్చు నేటి పద్ధతి ఏర్పడినది. వెండి పూత వలె మెఱయు పాదరసపు మిశ్రమము క్రమముగా వెనుకబడుటకు మూలము ఇదియే.

పింగాణి ఏల పగులదను ప్రశ్న ఇటీవలి పదార్థశాస్త్రమునకు మిక్కిలి ఇష్టమైనది. కేవలము ఖనిజమైనచో అది గాజువలె బీటలువాఱవలెను. నిజమునకు సుమారు 5 మైక్రోమీటర్ల వెడల్పుగల కడ్డీలు వేలకొలది స్ఫటికములతో కూడి, ఒకదాని క్రింద నొకటి, మీద నొకటి దారి మార్చుకొనుచు అల్లుకొనుటచేత, ఏ పగులును నేరుగా సాగలేక అడుగడుగున మళ్లి అలసి ఆగిపోవును. పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కించు యంత్రముతో పరిశీలించిన నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు, 2015లో చిట్టెలుక పింగాణి స్ఫటికముల నడుమ మెగ్నీషియముగల రూపులేని ఫాస్ఫేటు పొరను, 2020లో మానవ స్ఫటికముల గర్భములో మెగ్నీషియమును కనుగొనిరి. ఉలివంటి నారింజవన్నె పండ్లుగల బీవరు అను జంతువులో ఆ నడిమి చోటున ఇనుము చేరుటచేత అది ఆమ్లమునకు మఱింత ఎదురొడ్డును. 2022లో చైనాలోని బెయ్‌హాంగ్ విశ్వవిద్యాలయములో హైడ్రాక్సీ అపటైటు తీగలకు జిర్కోనియా పూత పూసి, ఒకే దిశను నిలుపుటకు నీటితో కలిపి గడ్డకట్టించి, పాలీవినైల్ ఆల్కహాలుతో కూర్చి చేసిన కృత్రిమ పింగాణి, సహజమైనదానిని గట్టిదనమున మించెను. అయితే అది వేఱొకచోట పోసి అచ్చులో తీసినది. పంటిపై పుట్టినది కాదు.

పంటిపైననే పుట్టించు యత్నమును 2019లో చెజియాంగ్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. కాల్షియము, ఫాస్ఫేటు చేరి ఏర్పడు అతిసూక్ష్మ గుంపులు క్షణములలో ముద్దగట్టిపోవుటయే ఇన్నాళ్ల ఆటంకము; వారు ట్రైఇథైల్‌అమీన్ అను ద్రవముతో ఆ గుంపులను నిలువరించి, పంటిపై పూయగా, 48 గంటలలో సుమారు రెండున్నర మైక్రోమీటర్ల పింగాణి, పాత స్ఫటికముల దిశనే పట్టుకొని పెరిగినది. మన నమలు పంటి కొనయొద్ద 2,500 మైక్రోమీటర్లు ఉండును. వేఱొకదిక్కున సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో రుయోహోలా-బేకర్ గారి బృందము 2023లో మూలకణములనుండి అమెలోబ్లాస్టులను పుట్టించి, పళ్లెములో చిన్న ఉండలుగా పెంచి, అవి అమెలోజెనినును, దాని సోదర ప్రొటీనులను స్రవించుట చూపెను. స్రవించుట అవి నేర్చినవి. బారులు తీరి, పొరుగు కణములతో అడుగు కలుపుచు, దినమున కొక గీత చొప్పున వెనుకకు జరుగుచు కడ్డీలను అల్లుట ఇంకను నేర్వలేదు.